నాలుగింటి ప్రార్థన

ప్రార్థన చేసేటప్పుడు తను మాట్లాడుతున్నది దేవుడితోనా, లేక చుట్టూ కళ్ళు మూసుకుని వింటున్న పెద్దమ్మలతోనా అన్న అనుమానం అతనికి ఏడో ఏట మొదలైంది. ఇరవై నాలుగు వచ్చినా వదల్లేదు. ఏడో ఏట సండే స్కూలు వార్షికోత్సవంలో అతన్ని స్టూలు ఎక్కించి, మైకు మెడ వంచి నోటి దాకా దించారు. నోరు తెరిచాడు, అంతే. మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో, నూతిలోంచి చేద వచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముందు వరసలో పెద్దమ్మలు స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఒకామె ముక్కు చీదింది. ఆ చీదిన చప్పుడు విని, కళ్ళు మూసుకునే ఉండి, అతను గొంతు ఇంకొంచెం తగ్గించాడు. తగ్గిస్తే రెండో ఆమె చీదింది. అదిగో, అక్కడ పట్టుకుంది పురుగు. గొంతు తగ్గించింది ఎవరి కోసం? ఇంటికి వెళ్ళాక అమ్మ దిష్టి తీసినంత పనిచేసి, మనం ఇలాంటివి చెయ్యకూడదు కానీ అని నవ్వి, నుదుటి మీద ముద్దు పెట్టింది. అడుగుదామనుకున్నాడు. అడగలేదు. ఆ తర్వాత అడిగే తీరిక ఎవరిచ్చారు? పెళ్ళి కూడిక అయినా, ఆసుపత్రి మంచం అయినా, కొత్త మోటారు బండి కొన్నా, "బాబు ప్రార్థిస్తాడు" అనేవారు. తోటి కుర్రాళ్ళు అతనికి మైకు అని పేరు పెట్టారు. సంఘపెద్ద ఒకాయన, వీడి ప్రార్థన అరటిపండు వలిచి దేవుడి చేతిలో పెట్టినట్టు ఉంటుందయ్యా అన్నాడు. అతనికి మాత్రం ఆ పండు చేతి దాకా వెళ్ళిందో, మధ్యలో పెద్దమ్మలే తినేశారో తెలియలేదు.

గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. ఈ పరాయి దేశంలో గడియారాలు కూడా చప్పుడు చెయ్యవు. వృద్ధాశ్రమం కింది అంతస్తులో, దుప్పట్ల గదిలో, అతను నాలుగు మూలలా ఎలాస్టిక్ కుట్టిన పరుపు గుడ్డతో కుస్తీ పడుతున్నాడు. ఇంట్లో దుప్పటి మడత పెట్టడం ఇద్దరి పని. అటు అమ్మ, ఇటు తను, రెండేసి కొసలు పట్టుకుని ఒకరి వైపు ఒకరు నడవడం, మధ్యలో చేతులు తగిలినప్పుడు అమ్మ ఏదో ఒకటి అనడం, గోళ్ళు తీసుకోరా అనో, చిక్కిపోయావేంట్రా అనో. ఇక్కడ రెండో మనిషి తన గడ్డమే. గడ్డం కింద ఒక కొస నొక్కి, రెండు చేతులూ బార్లా చాపి, ఎలాస్టిక్ మూల ఒకదాంట్లోకి ఒకటి దూర్చాలి. లాండ్రీ ఆవిడ మొదటి రోజు ఒక్క మాట కూడా లేకుండా, అతని వేళ్ళు పట్టుకుని దూర్చి చూపించి, మడత మీద ఫట్‌మని చరిచింది. ఆ చరుపు బాగుంది అన్నట్టో, ఇలా ఏడవాలి అన్నట్టో అర్థం కాలేదు. మూడు వారాలు దాటింది. ఇప్పటికీ అతని మడతలు బంతుల్లాగే ఉంటాయి. సేవకు పంపిస్తున్నాం అని మెడలో దండ వేసినప్పుడు వేదిక మీద అతనికి కనిపించిన సేవలో పరుపు గుడ్డలు లేవు. జనం ఉన్నారు, మైకు ఉంది, పక్కన మాట తిప్పి చెప్పే మనిషి ఉన్నాడు. ఇక్కడ జనం లేరు, మైకు లేదు. నిన్నటిదాకా మాట తిప్పి చెప్పేవాళ్ళూ లేరు. లేకపోవడమే ఎంత సుఖంగా ఉండేదో నిన్న సాయంత్రం నుంచి తెలుస్తోంది.

ఇంకా యాభై ఐదు నిమిషాలు. నాలుగింటికి రెండో అంతస్తుకు వెళ్ళాలి. కిటికీ పక్క మంచం మీద క్రేను తాత ఎదురుచూస్తుంటాడు. ఆయన ఓడరేవులో ముప్పై ఎనిమిదేళ్ళు క్రేను నడిపాడట. ఆయన మంచం పక్క ఫోటోలో ఆకాశానికి ఆనుకున్న గాజు గది, అందులో మీసాల మనిషి. ఇప్పుడు మీసం లేదు, నడుం కింద చలనం లేదు, ఎడమ చేతి బొటనవేలికి కొస లేదు. మొదటి వారం ఆయన ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఇతని సేవ బృందానికి నాయకుడు, అందరూ అన్న అని పిలిచే మనిషి, గిటారు పట్టుకుని పాడబోతే దుప్పటి ముసుగు పెట్టుకుని వెళ్ళగొట్టాడు. రెండో వారం, ఇతను పరుపు గుడ్డ మార్చడానికి వెళ్ళి, పని అయ్యాక అలవాటు కొద్దీ ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తాత చెయ్యి లాక్కోలేదు. ప్రార్థించాడు. తెలుగులోనే. ఇంకేం వచ్చు గనక? ఆ రోజు మాటలు వచ్చాయి, నిజమే, మర్నాడూ వచ్చాయి. మూడో రోజు గురువారం. బయట చినుకు, ఒంట్లో నలత, పొద్దున అమ్మ ఫోను అందలేదు. తాత చెయ్యి పట్టుకుని కళ్ళు మూశాడు. ప్రేమగల తండ్రీ అన్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎండిన కుళాయి తిప్పితే గాలి వచ్చినట్టు ఒక శబ్దం. గదిలో మిగతా మంచాల వాళ్ళు చూస్తున్నారు, మాటలు వినపడనంత దూరంలో, నడవా చివర నుంచి అన్న చూస్తున్నాడు, ఆపితే ఏమనుకుంటారు? గొంతు తనంతట తను సాగింది. ముప్పావు అంగుళం ఎల్బోలు నలభై. అర అంగుళం టీలు ఇరవై ఆరు. రెడ్యూసర్లు, కప్లింగులు, ఎండ్ క్యాపులు. బాల్ వాల్వులు ఒక డజను, ప్రభువా. ఇత్తడి గేటు వాల్వులు మూడు.

ఐదేళ్ళు పైపుల కొట్లో పనిచేశాడు కదా. రోజూ షట్టరు దించే ముందు యజమాని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని, చెప్పు అనేవాడు. ఇతను అరల ముందు నడుస్తూ ఏది ఎంత ఉందో చదివేవాడు. ఆయన మధ్యలో గురక పెట్టినా సరే, గేటు వాల్వుల దగ్గర మెలకువ వచ్చి "మూడేనా, నిన్న నాలుగు కదరా" అనేవాడు. ఆ జాబితా ఒంట్లో ఇంకిపోయింది, పద్యంలా. ఆ గురువారం అది బయటికి వచ్చింది, ప్రార్థన ఒరవడిలోనే, ఎత్తుడూ దించుడూ అన్నీ సరిగ్గా. ఇత్తడి గేటు వాల్వుల దగ్గర గొంతు జీరబోయింది కూడా. ఆమేన్ అని కళ్ళు తెరిస్తే తాత కళ్ళ వెంట నీళ్ళు. కొస లేని బొటనవేలితో ఇతని మణికట్టు మీద రాస్తున్నాడు. అది ఒక్కసారితో ఆగి ఉంటే పొరపాటు అనుకోవచ్చు. శుక్రవారం మళ్ళీ కళ్ళు మూస్తే మళ్ళీ ఖాళీ, మళ్ళీ ఎల్బోలు. శనివారం ఖాళీ ఉందో లేదో చూడను కూడా చూడలేదు, సూటిగా కొట్లోకి వెళ్ళిపోయాడు. ఎంత హాయి. పెద్దమ్మలు లేరు, ముక్కు చీదేవాళ్ళు లేరు, తప్పులు పట్టేవాళ్ళు లేరు. తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు ఒక ముసలి మనిషి చెయ్యి పట్టుకుని అతను పైపు సామాన్లు చదివాడు, ఆయన తొమ్మిది రోజులూ ఏడ్చాడు, అన్నం తినడం మొదలుపెట్టాడు, నాలుగు కాకముందే తల దువ్వించుకుని కూర్చుంటున్నాడు.

అన్న పొంగిపోయాడు. మంచివాడు, వరద వచ్చినా పొలంలో ఒండ్రు మేట వేస్తుందని సంతోషించే రకం. సంఘానికి ఈమెయిల్లో ఉత్తరం రాశాడు, గిటారుకు కరగని గుండె మన తమ్ముడి ప్రార్థనకు కరిగింది, భాష తెలియకపోయినా ఆత్మకు భాష అక్కర్లేదు అని. ఆదివారం వేదిక మీద చదివారట. అమ్మ గొంతు ఫోనులో, "నాన్నా, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టార్రా, మీ నాన్నైతే కూర్చునే ఉన్నాడు, మోకాళ్ళు కదా, కానీ కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూశాను. మీ మేనత్త ఏమందో తెలుసా, అక్కడి నుంచి చేస్తే తొందరగా అందుతుందేమోనంది, మనూళ్ళో రద్దీ ఎక్కువ కదా అంది. నా నడుం నొప్పి సంగతి కూడా ఆ తాత దగ్గర కూర్చున్నప్పుడే చెప్పరా, పనైపోతుంది." నవ్వు రావాలి. వచ్చింది కూడా, ఫోను పెట్టేసేదాకా. ఎవరికి చెప్పుకోవాలి? అన్నకు చెబితే ఉత్తరం వెనక్కి రాదు. దేవుడికి చెబుదామంటే కళ్ళు మూసిన వెంటనే ఎల్బోలు.

డ్రయ్యరు ఆగి కూత పెట్టింది. తలుపు తీసి వేడి గుడ్డలు గుండెకు హత్తుకుని బల్ల మీద పోశాడు. మూడూ ఇరవై. ఒక చిన్న జ్వరం వస్తే బాగుండును. ఇక్కడ జ్వరం వస్తే అసలు పైకి రానివ్వరు, ముసలివాళ్ళకు అంటుతుందని. ఈ వేడి గుడ్డ కాసేపు నుదుటికి పెట్టుకుని థర్మామీటరు పెట్టించుకుంటే? చిన్నప్పుడు లెక్కల పరీక్ష రోజు ఇదే చేశాడు, చంకలో ఉల్లిపాయ. నాన్న చంక వాసన చూసి, "జ్వరానికి తాలింపు కూడా వేశావేంట్రా" అన్నాడు. అంతటి మనిషిని మోసం చెయ్యలేక పరీక్షకు వెళ్ళాడు. తాత మాత్రం చంక వాసన చూడడు కదా, చెయ్యి ఇస్తాడంతే.

నిన్న సాయంత్రం మెట్ల మీద అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే వెనక నుంచి, "ఓరి నాయనో, తెలుగు!" అని వినిపించింది. తిరిగి చూస్తే నీలం కోటు వేసుకున్న నర్సు, చేతిలో మందుల ట్రే. వేరే విభాగం నుంచి ఆ రోజే రెండో అంతస్తుకు మారిందట. వచ్చి పదకొండేళ్ళయిందట. పది నిమిషాల్లో అతని ఇంటి సంగతులన్నీ లాగేసింది, తన సంగతులన్నీ చెప్పేసింది, తమ్ముడూ అనేసింది. అతను సేవకు వచ్చాడంటే, "మంచిదే, నేను గుడికీ వెళ్తాను చర్చికీ వెళ్తాను, డ్యూటీ లేని రోజు ఏది తెరిచి ఉంటే దానికి" అంది. తర్వాత అంది, "అయితే ఆ క్రేను పెద్దాయన మంచం దగ్గర మంత్రం వేస్తున్న కుర్రాడివి నువ్వేనా! వాళ్ళమ్మాయి రేపు వస్తోంది. ఏడాదికోసారి వస్తుంది. వాళ్ళ నాన్న ఫోనులో రోజూ నీ గురించే చెబుతున్నాడట, ఆ పిల్లాడు ఏం చెబుతాడో తెలియదు కానీ నాకోసం ఎవరితోనో గట్టిగా పోట్లాడుతున్నాడని. ఏం చెబుతాడో తెలుసుకోవాలని ఆవిడ పట్టు. నేనుంటానుగా, పక్కన నిలబడి ఒక్కో ముక్కా తిప్పి చెబుతాను. నాలుగింటికి." అతను తల ఊపాడు. మెడ మీద తలకాయ ఉన్నాక ఊపకుండా ఎలా ఉంటుంది.

ఎవరితోనో పోట్లాడుతున్నాడని. గేటు వాల్వుల కోసం.

తలుపు తోసుకుని నర్సక్క లోపలికి వచ్చింది, దిండు గలేబుల కోసం. "ఏంటి తమ్ముడూ, దుప్పటి మడత పెడుతున్నావా, దాని పీక పిసుకుతున్నావా? ఇలా ఇవ్వు." అటు కొస ఆమె పట్టుకుంది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు నడిచారు. చేతులు తగిలినప్పుడు ఆమె, "ఇంత చల్లగా ఉన్నాయేంటి చేతులు?" అంది. అంతే, చెప్పేశాడు. ఎందుకు చెప్పాడో తెలియదు, దుప్పటి మడతలో అవతలి మనిషి ఉండటం వల్లేమో. పైపుల కొట్టు, గురువారం, తొమ్మిది రోజులు. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి గలేబు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత అది చాలక, మాసిన గుడ్డల మూట మీద కూలబడి, భుజాలు ఎగిరేలా నవ్వింది.

"ఎల్బోలా! అయ్యో దేవుడా, ఎల్బోలు విని ఏడ్చాడా ఆ ముసలాయన! మా అన్నయ్య ప్లంబరు తమ్ముడూ, ఇన్నాళ్ళూ వాడి విలువ తెలుసుకోలేకపోయాం."

"నవ్వకండక్కా."

"నవ్వక ఏం చెయ్యమంటావు, ఏడవమంటావా?" కళ్ళు తుడుచుకుంది. అతని ముఖం చూసి నవ్వు తగ్గించింది. "సరే విను. ఇందులో గాభరా పడాల్సిందేం లేదు. పైకి వచ్చి నీకు ఏది నోటికొస్తే అది చదువు. పైపులే చదువు. నేను వాళ్ళ భాషలో మంచి మాటలు నాలుగు చెబుతాను. దేవుడు చల్లగా చూడాలి, నొప్పులు తగ్గాలి, పిల్లలు బాగుండాలి. ఎవడికి తెలుస్తుంది? ఆవిడ సంతోషంగా బస్సెక్కుతుంది. ఆయన సంతోషంగా పడుకుంటాడు. ఇంకెన్నాళ్ళుంటాడు తమ్ముడూ ఆయన? డాక్టరు చెప్పింది నాకు తెలుసుగా. పోయేవాడి చేతిలోంచి కర్ర లాక్కుంటావా?"

గలేబులు తీసుకుని వెళ్ళిపోయింది. మూడూ ముప్పై ఐదు. మంచి ఉపాయమే. అసలు అబద్ధం కూడా కాదు, ఆమె చెప్పే మాటలన్నీ మంచివే, దేవుడు చల్లగా చూడాలి అన్న మాట ఎవరి నోటి నుంచి వెళితే ఏం? నీళ్ళిచ్చే చెయ్యి మురికిదైనా నీళ్ళు నీళ్ళే కదా. పోయేవాడి చేతి కర్ర. అది నిజంగా కర్రేనా? గట్టిగా ఆనుకుంటే విరిగే చెరకు గడ కాదా? తనకెలా తెలుస్తుంది? పదిహేడేళ్ళు ప్రార్థించి కూడా ఇది తెలియకపోతే ఇంక తనకు తెలిసిందేమిటి? అన్నను అడిగితే బైబిలు వచనం చెబుతాడు. నాన్న ఉంటే వాసన చూస్తాడు.

దిండు గలేబు ఒకదాని అంచున కుట్టు వదిలింది. వేలితో సర్దబోయి ఆగిపోయాడు. కుట్టుపిన్ని. ఎంతకాలమైంది ఆమె గుర్తొచ్చి? కాదు, గుర్తు రాకూడదని ఎంతకాలంగా పక్కకు తోస్తున్నాడు? వీధి చివర ఇంటి వరండాలో కుట్టు మిషను, దాని ముందు ఎప్పుడూ ఒక పక్కకు వంచిన తల. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది, అందుకని పనిని కుడికన్ను కిందికి తెచ్చుకోవడానికి అలా వంగేది, పిట్ట గింజను చూసినట్టు. అతనికి పదకొండో ఏట మహాసభల్లో ప్రార్థించడానికి తెల్ల చొక్కా కావలసివచ్చింది. పిన్ని కుట్టింది. అమ్మ కూలి ఇవ్వబోతే, "వద్దు వదినా, బాబు దగ్గరే తీసుకుంటాలే" అంది. అతన్ని దగ్గరికి పిలిచి, గుండీ కుట్టి దారం పంటితో కొరుకుతూ, "అంతమంది ముందు దేవుడితో మాట్లాడతావుగా. అందులో నా కన్ను సంగతి ఒక్కసారి చెప్పు బాబూ. పోయిన కన్ను అడగట్లేదు, ఉన్న కన్నే. సూదిలో దారం ఎక్కించుకునేంత చూపు నిలిస్తే చాలు. అదే నా కూలి" అంది. అలాగే పిన్నీ అన్నాడు. వేదిక ఎక్కాక దేశం కోసం చేశాడు, నాయకుల కోసం చేశాడు, వానల కోసం చేశాడు. అంత పెద్ద మాటల మధ్య ఒక కుట్టుపిన్ని కుడికన్నును ఎక్కడ ఇరికించాలి? వింటున్నవాళ్ళు నవ్వరూ? మళ్ళీ ఏడాది మళ్ళీ చొక్కా. మళ్ళీ అదే కూలి. మళ్ళీ అలాగే పిన్నీ. పదమూడు చొక్కాలు. మొదట మర్చిపోయాడు, తర్వాత సిగ్గుపడ్డాడు, ఆ తర్వాత ఆ వీధి చివరకు వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా, ఒక్క ముక్క. ఒంటరిగా అతను ప్రార్థించిందెప్పుడు?

బయలుదేరే ముందు రోజు ఆమే వచ్చింది, పదమూడో చొక్కా కాగితంలో చుట్టుకుని. ఈసారి ఏమీ అడగలేదు. ముఖం ఒక పక్కకు వంచి అతన్ని ఆ ఒక్క కంట్లో నింపుకుని, "నీ ప్రార్థన వల్లే నిలిచిందయ్యా ఇది. కంటి డాక్టరు ఆశ్చర్యపోయాడు, ఇంకా ఎలా కనిపిస్తోందమ్మా అని. మా బాబు దేవుడికి చెబుతున్నాడు డాక్టరుగారూ అన్నాను" అంది. అతను ఆ చొక్కా పెట్టెలో అడుగున పెట్టాడు. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా తియ్యలేదు.

అడగలేదు. అయినా కన్ను నిలిచింది. ఇక్కడ బుర్ర ఆగిపోతోంది. అడిగితే దేవుడు ఇస్తాడని నేర్పారు. అడుగుతానన్నవాడు అడగనే లేదు. అయితే ఆ కన్నును ఇన్నేళ్ళూ చూసుకున్నది ఎవరు? ఆమె వరండాలో తల వంచుకుని మిషను తొక్కుతూ తనంతట తను అడిగి ఉంటుంది, పెదవులు కదిలీ కదలకుండా, మైకు లేకుండా, ఆ మాటే వెళ్ళి ఉంటుంది. లేకపోతే ఎవరూ అడగకుండానే, కాపలావాడు పిలవకపోయినా లేచి చుట్టూ తిరిగి వచ్చినట్టు, దేవుడే చూసుకుని ఉంటాడు. అప్పుడు తన గొంతు ఎత్తుళ్ళు, దించుళ్ళు, జీరలు అన్నీ దేనికి? దేవుడు తన మాటల కోసం చెవి రిక్కించి కూర్చోలేదు. ఈ ఆలోచనకు అవమానంగా ఉండాలి. ఎందుకో భుజాల మీంచి నీళ్ళ కావడి దించినట్టుంది. తను ఆపితే ఆగిపోయేదేమీ లేదు. తాత చేతిలో కర్ర తను కాదు. మరి తను తాతకు బాకీ ఉన్నదేమిటి? మంచి మాటలు కాదు, అవి నర్సక్క కూడా చెప్పగలదు. మూడూ యాభై రెండు. ముఖం కడుక్కున్నాడు. రెండో అంతస్తుకు మెట్లెక్కాడు.

కూతురు మంచం పక్క కుర్చీలో, చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. యాభై దాటిన మనిషి, తండ్రి ముక్కే. తాత తల దువ్వి ఉంది. ఇతన్ని చూడగానే చెయ్యి చాపాడు. నర్సక్క మంచానికి అటు వైపు నిలబడి, కానివ్వు అన్నట్టు కనురెప్పలు ఆడించింది. అతను చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు.

"అక్కా, ముందు ఆయనకు ఒక మాట చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఆలోచించుకో తమ్ముడూ" అంది, నవ్వు ముఖం చెదరకుండా.

"ఆలోచించాను. మొదటి రెండు రోజులు నేను చేసింది ప్రార్థన. తర్వాత తొమ్మిది రోజులు కాదు. నేను పనిచేసిన కొట్లో పైపు సామాన్ల పేర్లు చదివాను."

ఆమె ఒక నిట్టూర్పు విడిచి మొదలుపెట్టింది. మధ్యలో తడుముకుంది. అతనికి అనుమానం వచ్చింది. "అక్కా, పైపులని చెప్పారా?" "చెబుతున్నానయ్యా, ఉండు, ఎల్బోను వీళ్ళ భాషలో ఏమంటారో నాకేం తెలుసు!" అని, చెయ్యి మోచేతి దగ్గర మడిచి, ఇందులోంచి నీళ్ళు అటు నుంచి ఇటు అన్నట్టు వేలితో గీసి చూపించింది. కూతురి ముఖం ఎర్రబడింది. ఒక మాట అంది, పొడుగాటి సూది లాంటిది. "వాళ్ళ నాన్నను వెక్కిరించావా అని అడుగుతోంది."

"లేదక్కా. లోపల ఏమీ లేకపోయింది. లేదని చెప్పడానికి సిగ్గేసింది. అంతే."

ఆమె అది చెప్పింది. తాత ఇతని వైపు తల తిప్పాడు. ఆ తర్వాత తన చెయ్యి ఇతని చేతిలోంచి తీసుకుని దుప్పటి మీద పెట్టుకున్నాడు, లాక్కున్నట్టు కాదు, అరువిచ్చిన గిన్నె తిరిగి తీసుకున్నట్టు. పైకప్పు చూస్తూ మెల్లగా ఏదో అన్నాడు. నర్సక్క వంగి ఆయన దిండు సర్దింది.

"ఏమన్నారక్కా?"

"అయితే నాకోసం ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యలేదన్నమాట, అంటున్నాడు."

గదిలో అవతలి మంచం మీద ఎవరో దగ్గారు. ఇలాంటి చోట వెంటనే నోటికొచ్చే మాటలు పదిహేడేళ్ళవి, వరసగా నిలబడి ఉన్నాయి, పిలిస్తే చాలు. పిలవలేదు. కుర్చీ లేదు గనక నేల మీద కూర్చున్నాడు, ముఖం మంచం ఎత్తుకు వచ్చింది. దుప్పటి అంచున చెయ్యి ఆనించాడు. "ఇప్పుడు చేస్తానని చెప్పండక్కా. బాగా రాదని కూడా చెప్పండి." గొంతు ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో తెలియలేదు, మామూలు గొంతుతోనే, కొట్లో ఎవరినైనా పలకరించినట్టు అన్నాడు. "ప్రభువా. ఈయనకు భయంగా ఉంది. నాక్కూడా భయంగా ఉంది. మా ఇద్దరి దగ్గరా ఉండు." ఒక్కో మాటా నర్సక్క తిప్పి చెప్పింది. మూడో మాట దగ్గర ఆమె గొంతు ఎందుకో మెత్తబడింది. ఎవరూ ముక్కు చీదలేదు. కూతురు ఒళ్ళోని సంచి తీసి నేల మీద పెట్టింది.

తాత ఎదురుచూశాడు. ఇంకేం రాకపోయేసరికి కనుబొమలు ఎత్తి అడిగాడు. నర్సక్క నవ్వు ఆపుకుంటూ, "ఇంతేనా, అంటున్నాడు. రోజూ పావుగంట చేసేవాడు, పైపులే నయం అంటున్నాడు." కూతురు నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. అతనికీ నవ్వు వచ్చింది, తడితో కలిసి. తాత చెయ్యి దుప్పటి మీద కాస్త ఇటు జరిగింది. మళ్ళీ ఏదో అన్నాడు. "ఇంకేమైనా ఉంటే కానివ్వమంటున్నాడు, నాలుగున్నర దాకా ఆయనకు పనేమీ లేదట."

"ఇంకొకటి ఉంది. ఆయనది కాదు. ఇంటి దగ్గర ఒక పిన్నిది. కూలి కింద ఇవ్వాలి, పదమూడేళ్ళయింది." అప్పుడు కళ్ళు మూసుకున్నాడు. లోపల పైపులు రాలేదు, స్టూలు రాలేదు, ఒక పక్కకు వంచిన తల మాత్రం వచ్చింది. "ప్రభువా, కుట్టుపిన్ని కుడికన్ను. నేను ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వే చూసుకున్నావు. ఇప్పుడు అడుగుతున్నాను. సూదిలో దారం ఎక్కేంత చూపు ఆమెకు ఉండనీ." నర్సక్క అది కూడా అలవాటు మీద తిప్పి చెప్పేసింది, కన్ను, సూది, దారం. ఎక్కడో ఎవరో తను ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి కంటి కోసం, క్రేను తాత బొంగురు గొంతుతో, అందరికంటే ముందు, ఆమేన్ అన్నాడు.